మందు మానేశావా?

పొద్దున్న ఫోను మోగగానే ఆమె ముందు మాత్ర నాలుక కింద పెట్టుకుంటుంది, తర్వాతే ఫోను ఎత్తుతుంది. ఆ మాత్ర కరిగిపోయేదాకా మాట్లాడకూడదు, మింగకూడదు. మింగితే పొట్టలోకి పోయి పనికిరాకుండా పోతుందని ఆసుపత్రిలో సిస్టరు మొదటిరోజే చెప్పింది. చేదు నోరంతా పాకుతుంది. మంచం మీద గోడకి ఆనుకుని, తల కొంచెం ముందుకి వంచి, ఆమె వింటుంది.

"అమ్మా, లేచావా?"

"ఊఁ."

"నిన్న ఏమైందో తెలుసా? మా సైన్సు మేడం కుర్చీ మీద ఎవరో గమ్ అంటించారు. నేను కాదు. మేడం లేచేసరికి కుర్చీ కూడా లేచింది."

"ఊఁ."

"అప్పుడు అందర్నీ వరసగా నిలబెట్టి జేబులు వెతికారు. అప్పుడు ప్రిన్సిపాల్ సార్ ఒంటె మీద వచ్చారు."

"ఊహూఁ."

అవతల ఒక చిన్న నవ్వు. "సరే, ఒంటె మీద కాదు. నడిచే వచ్చారు." మళ్లీ కథ అందుకుంటుంది. స్కూలు వ్యాను హారన్ వినబడగానే "బై" అన్న మాట సగంలోనే తెగిపోతుంది.

తొమ్మిదేళ్ల కూతురు అలా మధ్యలో ఒక అబద్ధం పడేసి చూడటం ఈ మధ్య నేర్చింది కాదు. వెనకటి రోజుల్లో ఆమె సోఫాలో కళ్లు మూసుకుని పడుకుని ఉండేది, పిల్ల పక్కన కూర్చుని బడి కబుర్లు చెప్పేది. ఆమె ఊ కొట్టేది. ఊ కొడుతోంది కాబట్టి వింటోందనే పిల్ల అనుకునేది. ఎప్పుడో అనుమానం వచ్చి, "అమ్మా, నేను ఇవాళ తప్పిపోయాను, ఇంక దొరకను" అని చెప్పి చూసింది. ఆమె ఊఁ అంది. ఈ సంగతి ఆమెకి గుర్తులేదు. తర్వాత వదిన చెబితే తెలిసింది.

వదిన అంటే ఆమె భర్తకి అక్క. భర్త లారీ డ్రైవరు. ఇప్పుడు అతనికి వేరే ఊళ్లో వేరే సంసారం ఉంది. ఇక్కడి సంసారం చెడింది మాత్రం ఆమె నడుం నొప్పితోనే. తను కుట్టుపని చేసే కర్టెన్ల కొట్లో గుడ్డ తాను ఎత్తబోతే నడుం పట్టేసింది. డాక్టరు నొప్పికి మందు ఇచ్చాడు. నొప్పి తగ్గింది, మందు ఉండిపోయింది. ఒకటి చాలక రెండు, డాక్టరు రాసివ్వకపోతే మందులషాపులో అడిగి, ఆ షాపువాడు లేదంటే ఇంకో షాపు. పెళ్లి ఉంగరం పోయింది, ఆడపిల్ల బడి నుంచి వచ్చేవేళకి తలుపు తీసే మనిషి లేకుండా పోయింది. అప్పుడు వదిన వచ్చి పిల్లని తీసుకెళ్లింది. అరవలేదు, తిట్టలేదు. పిల్ల బట్టలు సంచిలో సర్దుకుని, వంటింట్లో గ్యాసు ఆపేసి మరీ వెళ్లింది.

ఇప్పుడు ఆమె మేడ మీద ఒంటి గదిలో ఉంటోంది. కిటికీ తీస్తే పక్కింటి గోడ, ఆ గోడ మీద ఒక గొట్టం. నొప్పిమందు మానేసి శీతాకాలం మొత్తం గడిచింది. వేసవి సెలవుల్లో పిల్లని తన దగ్గర ఉంచమని వదినని అడగ్గా అడగ్గా చివరికి ఆవిడ సరే అంది. ఆమె అప్పుడే గదిలో ఒక మూలకి తీగ కట్టి, కొట్లో మిగిలిన పసుప్పచ్చ గుడ్డతో అడ్డుతెర కుట్టింది. మంచం దాని వెనక్కి జరిపింది. తను కింద పడుకుంటుంది. పిల్లకి సొంత గది అన్నట్టు ఉంటుంది. ఆ మూలని చూసినప్పుడల్లా ఇంకేదో తక్కువైనట్టు అనిపించేది. ఒకరోజు దిండు, ఒకరోజు అద్దం, అలా ఒక్కొక్కటీ చేరుస్తూ వచ్చింది.

కొట్లో పక్క మిషను మీద కుట్టే ఆవిడకి నోరు మూతపడదు. అందుకని అందరూ రేడియో అంటారు. ఆ పేరంటే ఆవిడకీ ఇష్టమే.

"విన్నావా," అంది రేడియో ఆవేళ, దారం పళ్లతో తెంపుతూ. "మా ఆయన మందు మానేశాడని మా అక్కకి ఫోన్లో చెప్పా. సాయంత్రానికల్లా ఇంత పెద్ద కేకు పట్టుకుని దిగింది. తీరా చూస్తే ఈ మహానుభావుడు మానేసింది షుగరు మందు. అసలు మందు ఎదురుగానే పెట్టుకుని కూర్చున్నాడు."

"మరి కేకు?"

"ఆయనే తిన్నాడు సగం. చెబితే వినే రకమా."

ఆమె నవ్వింది. గుడ్డ మడత వేసి, పిన్నులు గుచ్చుతోంది. అప్పుడే వదిన ఫోను చేసింది. వదిన పగటిపూట ఫోను చెయ్యదు. ఆమె మిషను దగ్గర్నుంచి లేచి, గుడ్డ తాన్ల వెనక్కి వెళ్లింది.

"పిల్లని పంపడం లేదు," అంది వదిన.

"అదేంటి వదినా, ఏమైంది?"

"ఏమైందో నీకు తెలీదా? ఇవాళ అది షూ వేసుకుంటూ ఫోను స్పీకర్లో పెట్టింది. నేను పక్కనే దాని డబ్బా సర్దుతున్నా. ఒక్కటంటే ఒక్క మాట రాలేదు నీ నోట్లోంచి. ముద్దముద్దగా ఊ, ఊ అని. ఆ ఊ నేను ఇంతకుముందు విన్నానమ్మా. నాకు కొత్తేం కాదు."

"మీరు అనుకున్నది కాదు. సాయంత్రం వచ్చి చెప్తాను."

"చెప్పడానికి నోరొస్తే రా."

సాయంత్రం ఆమె కొట్టు నుంచి తిన్నగా వదిన ఇంటికి వెళ్లింది. వదిన వంటింటి బల్ల దగ్గర కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. పిల్ల లేదు. కింది వాటాలో ఆడుకోవడానికి కావాలనే పంపించిందని ఆమెకి అర్థమైంది. గుమ్మం పక్కన చిన్న చెప్పులు లేని ఖాళీ కనిపించింది.

ఆమె బ్యాగులోంచి మాత్రల రేకు తీసి బల్ల మీద పెట్టింది. "పొద్దున్న దీన్ని నాలుక కింద పెట్టుకుంటాను. కరిగేదాకా మాట్లాడకూడదు. అందుకే ఊ కొడుతున్నాను."

వదిన కళ్లద్దాలు పెట్టుకుని రేకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏంటిది?"

"మందు."

"మందు మానేశానన్నావు."

"ఆ మందు మానేశాను. ఇది ఆ మందు మానడానికి ఇచ్చే మందు."

"మందు మానడానికి మందా?"

"అవును."

"మరి ఈ మందు మానడానికి ఏం మందిస్తారు?"

ఆమెకి నవ్వు వచ్చింది. వదినకీ వచ్చినట్టే ఉంది గానీ మూతి బిగించి ఆపుకుంది.

"ఇది వేసుకుంటే మత్తుగా ఉంటుందా?"

"ఉండదు. మామూలుగా ఉంటాను."

"వేసుకోకపోతే?"

"మామూలుగా ఉండను."

"అయితే అదీ ఇదీ ఒకటే."

"కాదు వదినా. డాక్టరు గారు చూసే ఇస్తున్నారు. మధ్యలో ఆపేస్తే మళ్లీ ఆ నొప్పిమందుకే పోతామని చెప్పారు. మీరు మాత్రం రోజూ..."

"బీపీ మాత్ర సంగతి ఎత్తకు," అంది వదిన. "బీపీ మాత్ర కోసం నేను ఎవరి ఉంగరమూ అమ్మలేదు."

వదిన ఇంకో రెండు చిక్కుడుకాయల ఈనెలు తీసింది. మళ్లీ నోరు విప్పినప్పుడు గొంతు తగ్గించింది.

"నువ్వు ఎందుకు దాచావు? శీతాకాలం అంతా మానేశాను, మానేశాను అన్నావు. ఇది ఒకటుందని అనలేదు. నేనేమనుకోవాలి? ఆరోజు తలుపు తోసి వచ్చేసరికి పిల్ల వంటింట్లో నీ పక్కన కూర్చుని నీ చెంపలు తడుతోంది. గ్లాసుతో నీళ్లు పక్కన పెట్టుకుంది. ఏడవడం లేదు. చూసింది నేను. నువ్వు కాదు. నువ్వు నిద్రలో ఉన్నావు."

"తెలుసు."

"తెలుసంటే తెలీదు. నీకు చెబితే తెలిసింది." వదిన రేకుని ఆమె వైపు తోసింది. "ఇది కూడా మానెయ్. సెలవులిచ్చేలోపు మానేసి వచ్చి, నా ఎదురుగా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడు. పిల్లని నేనే తెచ్చి దింపుతాను, దాని బట్టలతో సహా."

ఆమె మెట్లు దిగుతుంటే కింది వాటాలోంచి పిల్లల అరుపులు వినిపించాయి. ఆ గొంతుల్లో తన కూతురిది ఏదో పోల్చుకోవడానికి ఆగింది. పోల్చుకోలేకపోయింది. ఫోన్లో వినే గొంతు వేరు, ఆడుకునేటప్పటి గొంతు వేరు.

మర్నాడు పొద్దున్న ఆమె మాత్ర వేసుకోలేదు. సిస్టరుని అడగలేదు. అడిగితే ఏమంటుందో తెలుసు.

ఫోను మోగింది. "అమ్మా, లేచావా?"

"లేచాను నాన్నా."

"ఇవాళ మాట్లాడుతున్నావే."

"ఆఁ. టిఫిన్ తిన్నావా?"

"తిన్నా."

"అత్త డబ్బా పెట్టిందా?"

"పెట్టింది."

తర్వాత ఏం అడగాలో ఆమెకి తోచలేదు. నోరు ఖాళీగా ఉంది. పిల్ల కూడా, మాట్లాడే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఆ మనిషే మాట్లాడుతుందిలే అన్నట్టు ఊరుకుంది. ఇద్దరూ ఒకళ్ల ఊపిరి ఒకళ్లు విన్నారు. వ్యాను వచ్చింది.

ఫోను పక్కన పెట్టి ఆమె మాత్రల రేకుకేసి చూసింది. మాత్రని గంట ముందు వేసుకోవచ్చు. లేవగానే వేసుకుంటే ఫోను వచ్చేసరికి కరిగిపోతుంది. ఇన్నాళ్లూ అది తట్టకపోలేదు. నోట్లో మాత్ర ఉంటే మాట్లాడే పని ఉండదు. పిల్లతో ఏం మాట్లాడాలో తెలియని తల్లికి అదొక అడ్డు. కిటికీలకి అడ్డుతెరలు కుట్టి కుట్టి, నోటికి కూడా ఒకటి కుట్టుకుంది.

ఆరోజు బాగానే గడిచింది. మానెయ్యగలనేమో అనుకుంది. రెండో రోజు మధ్యాహ్నానికి ఆవలింతలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి, దవడ నొప్పి పుట్టేలా. ముక్కు కారుతోంది. ఎండాకాలంలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుంటున్నాయి. కాళ్లు ఎక్కడ పెట్టుకున్నా కుదరడం లేదు, ఎవరివో కాళ్లు తెచ్చి తగిలించినట్టు ఉంది.

"జలుబా?" అంది రేడియో.

"జలుబే."

"ఇంత ఎండలో జలుబేంటి నీకు, ఐస్ ఫ్యాక్టరీలో పడుకున్నావా?" అని, బల్ల మీదకి వంగి, ఆమె కత్తిరించిన గుడ్డ చూసి ఆగిపోయింది. పూల గుడ్డ. రెండు ముక్కల్లో ఒకదాని మీద పూలు పైకి, ఇంకోదాని మీద కిందికి ఉన్నాయి. రేడియో అటూ ఇటూ చూసి, తలకిందుల ముక్కని చుట్టి తన మిషను కింద పెట్టేసింది. "దిండు గలేబులు కుడదాంలే. దిండుకి తలేది, కాళ్లేవి. ఓనరుకి నేను చెప్తాను, నువ్వు ఇంటికి పో."

ఇంటికి పోవడానికి బస్సు ఎక్కాలి. బస్టాపు ఎదురుగా మందులషాపు ఉంది. పాత షాపు. దానికేసి చూడకుండా ఉండటానికి ఆమె ఇన్నాళ్లూ ఒక స్టాపు ముందుకి నడిచి వెళ్లి బస్సు ఎక్కేది. ఆరోజు కాళ్లు అంత దూరం నడవనన్నాయి.

బస్సు రాలేదు. ఆమె రోడ్డు దాటింది. ఎందుకు దాటిందంటే ముక్కుకి ఏదైనా కొనుక్కుందామని. తనకి తను అలాగే చెప్పుకుంది. షాపులో ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. షాపతను తలెత్తి ఆమెని చూశాడు. లావయ్యాడు, గడ్డం పెంచాడు. గుర్తుపట్టి నవ్వాడు.

"చాలా రోజులైంది మేడం. ఊళ్లో లేరా?"

అని, ఆమె ఏమీ అడక్కముందే, వెనక్కి తిరిగి పై అరకేసి చెయ్యి చాచాడు. ఏది, ఎన్ని అని కూడా అడగలేదు. ఊళ్లో ఇంతమంది ఉండగా, ఆమెకి ఏం కావాలో చెప్పకుండానే తెలిసిన మనిషి అతనొక్కడే. ఆ చెయ్యి అరలో వెతుకుతుంటే ఆమె ఒళ్లంతా ఆ చేతికేసి వంగింది. నోట్లో నీళ్లూరాయి.

అతను ఇటు తిరిగేసరికి ఆమె లేదు. వెనకనుంచి "మేడం, మేడం" అని పిలుపు వినబడింది. బస్సు సంగతి మర్చిపోయి నడిచింది. ఎంత దూరం నడిచిందో తెలీదు, దార్లో ఒకచోట గోడ పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఎవరో "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అని అడిగారు. బాగానే ఉంది అంది.

గదికి వచ్చి మాత్ర నాలుక కింద పెట్టుకుంది. ఫోను లేదు, కబుర్లు లేవు. పక్కింటి గోడ మీద ఎండ కొంచెం కొంచెంగా పైకి పోతోంది. కరుగుతున్నంతసేపూ కళ్లు మూసుకోకుండా ఆ గోడనే చూసింది. అంతసేపు తనతో తను కూర్చోవడం ఎన్నాళ్లకో. తన పక్కన కూర్చోవడానికి తనకే ఇబ్బందిగా ఉంది.

వెలుతురు ఉండగానే వదినకి ఫోను చేసింది.

"మాత్ర మానను వదినా."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది.

"రెండు రోజులు మానేసి చూశాను. ఇవాళ ఆ షాపు దాకా వెళ్లాను."

"కొన్నావా?"

"కొనలేదు. రేపు కొననని చెప్పలేను. ఈ మాత్ర వేసుకుంటే చెప్పగలను."

వెనక కుక్కర్ కూత పెట్టింది. ఎవరూ వెళ్లి ఆపలేదు.

"అయితే పిల్లని పంపను," అంది వదిన చివరికి.

"సరే."

"సరే అంటావేంటి?"

"ఏమనను? మీరు పంపేది మనిషి దగ్గరికి. మానేస్తే ఇక్కడ ఆ మనిషి ఉండదు."

"పెద్ద మాటలు నేర్చావు," అని వదిన పెట్టేసింది.

మర్నాడు ఆమె చీకటి విడకముందే లేచి మాత్ర వేసుకుంది. ఫోను వచ్చేసరికి నోరు కడుక్కుని, నీళ్లు తాగి, సిద్ధంగా ఉంది.

పిల్ల "లేచావా" అని అడగలేదు. "మందు మానేస్తే నన్ను పంపిస్తానందట కదా అత్త. నువ్వు మాననన్నావట."

"అవును నాన్నా. అన్నాను."

"నాకంటే మందే ఎక్కువా?"

ఆ మాట ఎక్కడ విందో, ఎవరి నోట విందో. తొమ్మిదేళ్ల నోటికి అది పెద్ద చెప్పులా ఉంది.

"కాదు. అది మానేస్తే నేను మళ్లీ పాత అమ్మనైపోతాను. నీకు గుర్తుందిగా?"

పిల్ల గుర్తు లేదనలేదు.

"ఎప్పుడు మానేస్తావు మరి?"

"తెలీదు."

"వచ్చే సెలవులకి?"

ఔనంటే సరిపోయేది. పిల్ల సంతోషించేది, ఏడాది పాటు ఎదురు చూసేది. "తెలీదు నాన్నా. చెప్పలేను."

"వ్యాను వచ్చింది," అని పిల్ల ఫోను పెట్టేసింది. హారన్ వినబడలేదు.

ఆ వారం ఇంకో రెండుసార్లు ఫోను వచ్చింది. టిఫిను, డబ్బా, వ్యాను. కథలు లేవు. ఆమే ఏదో ఒకటి చెప్పాలని పొద్దున్నే లేచి ఆలోచించి పెట్టుకునేది. రేడియో మొగుడు కేకు తిన్న సంగతి చెప్పింది. పిల్ల "ఓహో" అంది, మర్యాదకి. తర్వాత బడికి సెలవులిచ్చారు. వ్యాను లేదు కాబట్టి ఫోనూ లేదు. కోపమో, నిద్రో, ఆటో తెలుసుకునే దారి లేదు. తెర వెనక మంచం మీద దుప్పటి మడత నలగలేదు. ఆమె కిందే పడుకుంటోంది. మంచం మీదకి మారితే ఇంక పిల్ల రాదని ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఒకరోజు మాత్ర కరిగాక ఆమె కాసేపు ఫోనుకేసి చూసి, తనే చేసింది. ఇన్నాళ్లలో పొద్దున్నపూట తను ఫోను చెయ్యడం అదే మొదలు. వదిన ఎత్తింది.

"పడుకుంది," అంది వదిన. "సెలవులుగా. రాత్రి ఒకపట్టాన నిద్రపోదు, పొద్దున్న ఒకపట్టాన లేవదు."

"లేపకండి. ఊరికే చేశాను."

"ఊఁ." వదిన పెట్టేస్తుందనుకుంది. పెట్టలేదు. ఏదో గిన్నె జరిపిన చప్పుడు. "వేసుకున్నావా?"

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "ఏంటి?"

"అదే. నీ మాత్ర."

"వేసుకున్నాను."

"రోజూ ఒకే టైముకా?"

"లేవగానే."

"ఆసుపత్రిలో ఎవరో సిస్టరు ఉందన్నావు కదా. ఆవిడతో నేను మాట్లాడొచ్చా? నాకు అర్థమయ్యేలా చెప్తుందా? నీ మాటలు నమ్మి నేను పిల్లని పంపలేను. నమ్మలేనని కాదు. నమ్మి ఉన్నానుగా ఒకసారి."

"చెప్తుంది. నంబరు పంపిస్తాను."

"మాట్లాడినంత మాత్రాన పంపేస్తానని కాదు."

"తెలుసు."

"ఆదివారం తీసుకొస్తా. సాయంత్రం దాకా ఉండి వెళ్లిపోతాం. నేనూ ఉంటా, వదిలేసి పోను."

"రండి."

"అది మాట్లాడుతుందో లేదో నాకు తెలీదు. కోపంగా ఉంది నీ మీద. నీ పేరెత్తితే లేచి పోతోంది."

"ఉండనివ్వండి వదినా. వచ్చి కోపంగానే కూర్చోమనండి."

పాలు పొంగుతున్నాయని చెప్పి వదిన పెట్టేసింది.

ఆమె సిస్టరు నంబరు వెతికి వదినకి పంపింది. పంపాక కాసేపు, వదిన అది చూసినట్టు నీలం టిక్కులు వస్తాయేమోనని ఫోను చేతిలోనే పట్టుకుంది. రాలేదు. కొట్టు తెరవడానికి ఇంకా చాలా వేళ ఉంది. గదిలో కూర్చోబుద్ధి కాక తాళం వేసి బయల్దేరింది. వీధిలో దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. కొట్టు ముందుకి వెళ్లి, దించి ఉన్న షట్టరు పక్కన, ఎవరో ఒకరు వచ్చేదాకా నిలబడింది.